ఇల్లును, రంగమును



మొన్న ఆదివారమునాడు మా వీధి చివరనున్న యింటి కోడలు మా యింటికి వచ్చినది. ఆమె బ్యాంకులో ఉద్యోగము చేయుచున్నది. రెండేండ్ల బిడ్డ తల్లి. వచ్చి కూర్చుండి, కొంతసేపు కూరల ధరలను గూర్చియు, వీధికుళాయిని గూర్చియు మాటలాడి, తుదకు అసలు సంగతి బయటపెట్టినది. పట్టణములోని యొక నాటకసమాజమువారు పరిషత్తు పోటీలకు నాటిక నొకదానిని సిద్ధము చేయుచున్నారట. అందు తల్లి వేషమునకు ఈమెను అడిగినారట. కళాశాలలో చదువుకొను దినములలో ఈమె నటించి బహుమతులు పొందినదట. "పిన్నిగారూ! ఉద్యోగమూ, పిల్లలూ, అత్తగారూ, నాటకాలూ... ఇన్నీ మీరు ఎలా నెట్టుకొచ్చారో నాకు చెప్పండి" అని అడిగినది.

నేను కాఫీ ఇచ్చితిని గాని సమాధాన మీయలేకపోయితిని. నెట్టుకొని వచ్చితినని ఆమె యనుకొనుచున్నది. నిజమునకు నేను నెట్టుకొని వచ్చినది కొంత, నెట్టివేసినది కొంత. ఈ రెండింటి లెక్క నింతవరకు నేను ఎవ్వరికిని చెప్పలేదు. ఆమె పోయిన పిదప ఆ ప్రశ్న నన్ను విడువనందున ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను పుట్టినది తెనాలికి సమీపమున నొక పల్లెటూరు. ఆ ప్రాంతమున నాటకపు గాలి కొంచెము హెచ్చు. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో తెనాలియందే పుట్టినది. మా నాయనగారు వ్యవసాయదారులే యైనను, ఇంట నొక హార్మోనియము ఉండెడిది. పంటలు బాగుగా పండిన యేట దానికి క్రొత్త గుడ్డ, పండని యేట పాత గుడ్డ. స్థానం నరసింహారావుగారి సత్యభామను చూచిన సంగతి ఆయన చెప్పుచుండగా మేము నోళ్లు తెరచుకొని వినెడివారము. నరసింహారావుగారు 1902లో బాపట్లలో జన్మించి, జీవితమంతయు స్త్రీ పాత్రలనే ధరించి, 1956లో పద్మశ్రీ బిరుదమును పొందిన మహానటులు. ఆయన చీర కట్టిన తీరును చూచి నేర్చుకొనుటకు ఆడువారే నాటకములకు పోయెడివారని మా నాయనగారు చెప్పెడివారు. అప్పుడు నా కందులోని వింత తోచలేదు. పురుషుడు చీర కట్టి రంగమెక్కిన గౌరవము. చీర కట్టుటయే అలవాటైన ఇల్లాలు ఎక్కిన అప్రతిష్ఠ! పెద్దదాననైన పిమ్మట ఆ మాట తలచుకొని నేనొక్కతెనే నవ్వుకొంటిని.

అందరును అట్లుండలేదనుటయు నిజమే. 1885లో కడపజిల్లా సురభి గ్రామమున పుట్టిన నాటక కుటుంబములవారు తమ యింటి స్త్రీలనే రంగమునకు తెచ్చిరి. తల్లి రాణి వేషము వేయగా, బిడ్డ రాకుమారుడు. పాలు త్రాగుటయు, పాత్ర ధరించుటయు తెరవెనుక నొకే చోట. సురభి కమలాబాయిగారి తల్లి గర్భవతియై యుండి దమయంతి వేషము వేయుచుండగా రంగముమీదనే ఈమె పుట్టినదని యొక కథ వాడుకలో నున్నది. ఆ కమలాబాయిగారే 1932లో మన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా నటించిరి. నా కెప్పుడును ఆ కుటుంబములను తలచుకొన్న అసూయయే. వారికి ఇల్లు వేరు, రంగము వేరు కాదు. మనవంటివారి యిల్లు ఇటుకలతో కట్టినది; దానికి తాళము వేసియో, ఎవరికైన నప్పగించియో పోవలెను. ఆ అప్పగింతలోనే యున్నది చిక్కంతయు.

బళ్ళారి రాఘవగారు పగలు న్యాయస్థానమున వాదించి, రాత్రి రంగముమీద నటించిరి. సంసార స్త్రీలు నటింపవలెనని పట్టుపట్టి, కొమ్మూరి పద్మావతీదేవిగారివంటి వారిని తమతో రంగమెక్కించిన పుణ్యాత్ములు. 1946లో స్వర్గస్థులైరి. 'తప్పెవరిది' వ్రాసిన పి. వి. రాజమన్నారుగారు 1948లో మద్రాసు ఉన్నత న్యాయస్థానమునకు ప్రధాన న్యాయమూర్తియైరి. ఇద్దరును నాకు పూజ్యులు. అయినను ఒక్క మాట: "అయ్యా, కోర్టు నుండి వచ్చి నాటకమునకు పోవుచున్నారే, రేపటి పప్పు ఎవరు నానబోసినారు?" అని వారిని అడిగినవారున్నారని నేను వినలేదు. నన్ను అడుగనివారు లేరు.

ఇక నా సంగతి. 1982లో నాకు వివాహమైనది. రెండేండ్లకు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయిని యుద్యోగము దొరికినది. 1986లో మా పట్టణమున శ్రీరామనవమి పందిట 'సత్య హరిశ్చంద్ర' ఆడవలసియుండగా, చంద్రమతి వేషధారిణి రాలేదు. మా నాయనగారి స్నేహితులైన హార్మోనిస్టుగారు మా యింటికి పరుగెత్తుకొని వచ్చిరి. బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి ఆ నాటకములోని పద్యములు నాకు పుట్టింటనే కంఠస్థము. మావారు సహకార బ్యాంకులో గుమాస్తా, మితభాషి. "నీకు ఇష్టమైతే వెళ్లు, నేను తోడు వస్తాను" అనిరి. మా అత్తగారు ఔననలేదు, కాదనలేదు. "తెల్లవారేసరికి పాలవాడు వస్తాడు" అని మాత్రమనిరి. నేను పాలవానికంటె ముందుగా ఇల్లు చేరితిని.

ఆ రాత్రి నా చేతికి 150 రూపాయలు ఇచ్చిరి. సవరమునకును, రంగుసామానునకును, రిక్షాకును పోగా 90 రూపాయలు మిగిలినవి. వాటితో అత్తగారికి నేతచీర కొంటిని. ఆమె దానిని కట్టుకొనిరి గాని, ఎవరైన అడిగినచో "కోడలు జీతంతో కొన్నది" అని చెప్పెడివారు.

తరువాత పిలుపులు వరుసగా వచ్చినవి. పద్యనాటకమును గూర్చి తెలియనివారికి ఒక్క మాట చెప్పవలెను. మా ప్రాంతమున కాంట్రాక్టు నాటకమున ఒకే పాత్రను ఇద్దరు ముగ్గురు నటులు పంచుకొందురు. అడవి సీనునకు ఒక హరిశ్చంద్రుడు, వారణాసికి మరియొకడు, కాటిసీనునకు అందరిలో పేరుగలవాడు. జనులు వేర్వేరు గాయకులను వినగోరుదురు గనుక ఇట్లేర్పడినది. కాని స్త్రీ వేషములు వేయువారు తక్కువ. కావున హరిశ్చంద్రులు ముగ్గురైనను చంద్రమతి మాత్ర మొక్కతెయే. రాత్రి పది గంటలకు తెర లేచినచో, తెల్లవారుజామున కాటిసీను ముగియువరకు నేను మేలుకొని యుండవలసినదే. మొదటి హరిశ్చంద్రుడు తన భాగము ముగించి, దుప్పటి కప్పుకొని నిద్రించుచుండగా చూచి నేనెంత యసూయపడితినో!

ఇంకొక చిక్కు. ఈ నాటకములన్నియు సంక్రాంతికి, శివరాత్రికి, శ్రీరామనవమికి, గ్రామదేవతల తిరునాళ్లకు జరుగును. సరిగా అప్పుడే గదా ఇంట కోడలు కావలసినది! పండుగనాడు పదిమందికి వండి వడ్డించి, గిన్నెలు బోర్లించి, నాలుగు గంటల బస్సునకు సంచి పుచ్చుకొని పోవలసియుండెను. నాకు కళకును కాపురమునకును పోరు కలిగినదని ఎవరైన అందురేమో, నాకట్లు తోచలేదు. పోరంతయు గడియారముతోనే.

పద్యములు వల్లించుటకు వేరే సమయమెక్కడిది? రుబ్బురోలివద్ద వల్లించెడిదానను. కాలకౌశికునితో చంద్రమతి మొరపెట్టుకొను ఘట్టము ఇడ్లీపిండికి సరిపోవును. కాటిసీను పచ్చడికి కూడ చాలదు, ఏలయన పొత్రము ఆగిపోవును. ఒకనాడు మా అత్తగారు దొడ్డిలోనుండి "ఆ చివరి పాదంలో శ్రుతి తగ్గింది" అనిరి. ఆమెకు సంగీతము వచ్చునని నాకు అదివరకు తెలియదు. వెనుదిరిగి చూచితిని. ఆమె ఏమియు ననట్లు చిక్కుడుకాయల ఈనెలు తీయుచుండిరి.

పాఠశాలలో మాత్రము నేను దోషినే. రాత్రియంతయు మేలుకొనిన మరునాడు మూడవ తరగతి పిల్లలకు ఎక్కములు వ్రాయుమని చెప్పి, కుర్చీలోనే కన్ను మూసితిని. మెలకువ వచ్చుసరికి తరగతి నిశ్శబ్దముగా నున్నది. ముందు వరుసలోని యొక చిన్నది పెదవిమీద వ్రేలుంచుకొని తక్కినవారిని కూర్చుండబెట్టినది. ఆ బిడ్డ ముఖము నాకు ఇప్పటికిని కన్నులయెదుట నున్నది. నా సహోద్యోగి యొకరు "రాత్రి రాణి, పగలు పంతులమ్మ" అని వెక్కిరించిరి. దానికి నాకు కోపము రాలేదు గాని, ఆ చిన్నదాని జాలికి సిగ్గువేసినది. నాటినుండి పనిదినమునకు ముందటి రాత్రి వేషము ఒప్పుకొనరాదని నిశ్చయించుకొంటిని. పిలుపులు సగము తగ్గినవి. కాంట్రాక్టరులకు 'సెలవునాటి చంద్రమతి' యేమి ప్రయోజనము?

'చింతామణి' వేషమునకు హెచ్చు సొమ్ము ఇచ్చెదమని చాలమంది అడిగిరి. కాళ్లకూరి నారాయణరావుగారు వేశ్యావ్యసనమును ఖండించుటకు వ్రాసిన నాటకమది. మా కాలమునాటికి ఊళ్లలో అందలి సుబ్బిశెట్టి ఘట్టములను బూతు మాటలతో నింపివేసిరి. నేను ఒప్పుకొనలేదు. ఆ నాటకమును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు 2022 జనవరిలో నిషేధించిరి. చదివిన గ్రంథమునకును, చూచిన ప్రదర్శనమునకును ఎంత దూరమున్నదో తెలిసినదానను గనుక, నాకు ఆ వార్త విన్నప్పుడు గ్రంథకర్తమీదనే జాలి కలిగినది.

ఇప్పుడు 1991 శివరాత్రి సంగతి చెప్పవలెను. దీనికై యీ వ్యాసమంతయు.

మా అబ్బాయికి అప్పుడు నాలుగేండ్లు. పల్నాటిలోని యొక గ్రామమున 'హరిశ్చంద్ర' ఆడుటకు నెలముందే అడ్వాన్సు తీసికొని యుంటిని. ముందటి రోజు సాయంకాలము పిల్లవానికి జ్వరము వచ్చినది. వైద్యుడు చూచి, ఋతువు మారుటవలన వచ్చిన జ్వరమని మందిచ్చెను. శివరాత్రినాటి మధ్యాహ్నమునకు తగ్గలేదు. మావారికి అంతకుముందే ఒంగోలునకు బదిలీయై యుండెను. మా యింట టెలిఫోను లేదు. నేను పోనిచో ఆ రాత్రికి మరియొక చంద్రమతిని తెచ్చుటకు వ్యవధి లేదు. నాటకము ఆగిన, హార్మోనిస్టు మొదలు కాటికాపరి వరకు పదునైదుగురికి ఆ రాత్రి కూలి పోవును. ఇవన్నియు కారణములే. కాని కారణము లెన్ని యున్నను గడప దాటునది కాళ్లే గదా! అవి కదలలేదు.

మా అత్తగారు తడిగుడ్డ పిండి పిల్లవాని నుదుట వేసి, "మాట ఇచ్చావు, వెళ్లు. నువ్వు ఇక్కడ కూర్చుంటే జ్వరం దిగదు. దిగకపోతే డాక్టరు దగ్గరికి ఎత్తుకుపోవడానికి నాకు చేతులున్నాయి" అనిరి. ప్రేమతోనా, విసుగుతోనా యనునది నా కిప్పటికిని తెలియదు. నేను పోయితిని. హార్మోనిస్టుగారి యక్కగారు నాకు తోడు వచ్చిరి.

ఆ రాత్రి రెండువేలమంది యుందురు. కాటిసీను వచ్చుసరికి మూడు గంటలు దాటినది. పాము కరచి చనిపోయిన లోహితాస్యుని నేను ఒడిలో నుంచుకొని విలపింపవలెను. లోహితాస్యుని వేషము వేసినవాడు ఆ గ్రామపు పిల్లవాడు, ఏడేండ్లవాడు. ఆ వేళకు వాడు నిజముగనే నిద్రపోయి యుండెను. నిద్రించు బిడ్డ యొడలి వెచ్చదనము నా చేతికి తగిలినది. అంతట నాకు పద్యము పోయినది. మొదటి పాదమైనను రాలేదు. హార్మోనిస్టుగారు శ్రుతి అందించిరి, మరల అందించిరి. నేను బిడ్డ ముఖమును చూచుచు కూర్చుంటిని. జనులలో నొక్కరైనను కదలలేదు. ఎంతసేపో తెలియదు. పిమ్మట పద్యమెట్లో వచ్చినది. నాటకము ముగిసిన పిదప పెద్దలు వచ్చి, అంతటి శోకమును తాము చూడలేదని చెప్పి, వేయిన్నూటపదార్లు చదివించిరి. నేటికిని ఆ ప్రాంతమువారు కొందరు నా 'మౌనము'ను గూర్చి చెప్పుకొందురట.

నిజము చెప్పెదను. ఆ మౌనములో నేను దుఃఖించుట లేదు. మొదటి బస్సు నాలుగున్నరకా, అయిదింటికా యని జ్ఞప్తి చేసికొనుచుంటిని. మార్గమధ్యమున బస్సు మారవలసిన చోట ఎంత వ్యవధి యున్నదో లెక్కించుచుంటిని. నా జీవితములో నెక్కువ మెప్పు పొందిన నటన అది!

రంగు సరిగా కడుగుకొనకయే బస్సెక్కితిని. ఇల్లు చేరుసరికి తొమ్మిది గంటలు. పిల్లవాడు మంచముమీద కూర్చుండి జావ త్రాగుచుండెను. జ్వరము తెల్లవారుజామున విడిచినదట. అత్తగారు గోడకు జారగిలబడి కూర్చున్నవారు కూర్చున్నట్లే నిద్రపోవుచుండిరి. శివరాత్రి జాగరణము ఆమె యొక్కతెయే చేసినది. నేను చేతులు చాపగా పిల్లవాడు వెనుకకు జరిగెను. కనుబొమలకు పెట్టిన కాటుకయు, చెవులవెంట నిలిచిన తెల్లరంగును చూచి భయపడినాడు. కొబ్బరినూనెతో తుడుచుకొని, స్నానము చేసి వచ్చిన పిదప గాని నాయొద్దకు రాలేదు.

ఆ సంవత్సరమంతయు నేను వేషము వేయలేదు. ఎవ్వరును నన్ను మానుమనలేదు. తరువాత మరల ఆరంభించితిని. మానినప్పుడు ఇంట నా కంఠము కఠినమైనదని మావారు మెల్లగా చెప్పిరి. అది నిజమే. పాడవలసినదంతయు పిల్లలమీద అరుపుగా పోవుచుండెను.

1997లో హైదరాబాదునుండి యొక దూరదర్శన ధారావాహికకు పిలుపు వచ్చినది. ఏడాదిపాటు నెలకు పది పండ్రెండు దినములు అచ్చట నుండవలెను. జీతము లేని సెలవు పెట్టవలెను. అప్పటికి మా అత్తగారికి పక్షవాతము వచ్చి యెడమ ప్రక్క పడిపోయి యుండెను. నేను రాలేనని ఉత్తరము వ్రాసి, ఆ సంగతి ఆమె మంచమువద్దనే మావారితో చెప్పితిని. "అత్తయ్యగారు ఈ స్థితిలో ఉండగా ఎట్లు పోదును?" అంటిని. ఆమె మాట అప్పటికే తడబడుచుండెను. అయినను స్పష్టముగా, "నన్ను సాకు పెట్టుకోకే అమ్మాయీ" అనిరి.

ఆ మాట నన్ను కాల్చినది. రాత్రి చాలసేపు ఆలోచించితిని. ఆమె సేవకై మానితినా? కొంత నిజమే, మనుష్యుని నియమించుటకు మాకు శక్తి లేదు, ఆమెను మరియొకరు ముట్టుకొనిన ఆమె కిష్టములేదు. కాని హైదరాబాదున నాకు పద్యము తోడుండదు. కెమెరా యెదుట మెల్లగా మాటలాడవలెను. ముప్పదియైదేండ్లు వచ్చినదానను, నవ్వులపాలగుదునేమోయని భయముండెను. ఆ భయమునకు ఆమె మంచము అడ్డుపెట్టుకొంటిని. ఇది నేను ఆమెతో ఒప్పుకొనలేదు. 2001లో ఆమె పోయినారు. ఒక్కసారియైనను నా నాటకము చూడలేదు. చూడుమని నేనును పిలువలేదు.

భానుమతిగారిని గూర్చి చదివినప్పుడెల్ల నాకు ఈ సంగతియే జ్ఞప్తికి వచ్చును. 1939లో 'వరవిక్రయము'తో చిత్రములలో ప్రవేశించి, 1943లో వివాహమాడి, 1945లో 'స్వర్గసీమ'తో మరల దేశము నాకర్షించి, కొడుకు భరణి పేర చిత్రసంస్థ పెట్టి, 1953లో 'చండీరాణి'కి తానే దర్శకత్వము వహించి, నడుమ 'అత్తగారి కథలు' వ్రాసి నవ్వించినది ఆమె. ఆమె భర్తయు ఆ వృత్తిలోని వారే. ఆమె యింట పనివారుండిరి. మనతో పోలిక లేదని త్రోసివేయవచ్చును. అయినను ఆమె తన భయమును అత్తగారిమీద పెట్టలేదు, కథగా వ్రాసినది. నేను ఆ పనియైనను చేయలేదు, ఇప్పటివరకు.

ఈ వ్యాసమును ఇంతవరకు వ్రాసియుండగా నిన్న సాయంకాలము ఆ యమ్మాయి మరల వచ్చినది. నా సమాధానము కొరకు కాదు. నాటిక ప్రతిని చూపుటకు. చదివితిని, బాగుగ నున్నది. "మీ అత్తగారేమన్నారు?" అని యడిగితిని. "బాబును చూసుకోవడం తన వల్ల కాదన్నారు. మోకాళ్ల నొప్పులు, అబద్ధం కాదు పిన్నిగారూ" అన్నది. మగనికి మధ్యాహ్నపు షిఫ్టు. రాత్రి పదింటికి గాని రాడు. "రిహార్సలు ఎప్పుడు?" అంటిని. అయిదు నుండి ఏడు వరకట. "బిడ్డను ఇక్కడ దింపి పో" అంటిని. మావారు పత్రికనుండి తలయెత్తి చూచి, మరల చదువుకొనసాగిరి.

ఈ దినము మొదటి రిహార్సలు. పిల్లవాడు అయిదింటికి వచ్చి అరగంట యేడ్చినాడు. నా కళ్లజోడు లాగినాడు. పాలన్నము తిని, ఇప్పుడు నా ఒడిలో సగము నిద్రలో నున్నాడు. అందుచేత ఈ చివరి పంక్తులు ఒక చేతితో వ్రాయవలసివచ్చినది. గంట ఏడున్నర యైనది. రిహార్సలులో ఏడనిన ఏడు కాదని నాకు తెలియును. వీధిలో గేటు చప్పుడైనప్పుడెల్ల వీడు కన్నులు తెరచి చూచుచున్నాడు, నేనును చూచుచున్నాను.